నేల శుభ్రమైతేనే నేస్తం క్షేమం

పిడుదులు, ఫ్లీలు, కొంకి పురుగులు, ఏలికపాములు... పెంపుడు కుక్కలనూ పిల్లులనూ పీడించే ఈ జీవులు ఎక్కడ పుడతాయి? ఇంట్లోకి ఎలా వస్తాయి? మన పిల్లల దాకా ఎలా చేరతాయి? కోలారు జిల్లా ఇళ్లలో వాటి దారి మూయడం ఎలా?

కోలారు పట్నంలో చోళుల కాలపు కోలారమ్మ గుడికి వెళ్లినవాళ్లు అక్కడే ఉన్న చేళమ్మకు కూడా మొక్కి వస్తారు. చేళమ్మ తేళ్ల దేవత. ఆమెను కొలిస్తే తేలు కుట్టదని ఈ ప్రాంతపు నమ్మకం. బండలు, గుట్టలు, ఎండకు నెర్రెలిచ్చిన నేల, రాతి గోడల ఇళ్లు ఉన్నచోట తేలంటే భయం సహజమే. ఆ తేలుకు చుట్టం ఒకటి మన ఇళ్లలోనే తిరుగుతోంది. దానికీ ఎనిమిది కాళ్లే. అది కుట్టి ఏడిపించదు. కుక్క చెవి మడతలోనో కాలివేళ్ల సందులోనో కరిచి పట్టుకుని, చప్పుడు లేకుండా రోజుల తరబడి నెత్తురు తాగుతుంది. అదే పిడుదు. కొందరు గోమారి అంటారు, కన్నడం కలిసిన ఇళ్లలో ఉణ్ణి అంటారు.

తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినిపించే ఈ జిల్లాలో కుక్క లేని వీధి ఉండదు. శ్రీనివాసపురం మామిడి తోటలకూ, ముళబాగిలు పల్లెల టమాటా చేలకూ కాపలా కుక్కే. కేజీఎఫ్ (కోలారు బంగారు గనుల) కూలీల ఇళ్ల లైన్లలో ప్రతి వరసకూ నాలుగు కుక్కలు కాపు కాస్తాయి. బంగారుపేట, మాలూరు కొత్త కాలనీల్లో లాబ్రడార్లు, పామరేనియన్లు కనిపిస్తాయి. ధాన్యం గదిలో ఎలుకలను పట్టే పిల్లి సరేసరి. వాటి మీద ప్రేమకు లోటు లేదు. రాగిముద్దలో ఒక పిడచ కుక్కకు తీసిపెట్టాకే కంచం ముందు కూర్చునే ఇళ్లున్నాయి.

లోటు ఒక్క విషయంలోనే. పురుగు కంటికి కనిపిస్తే తప్ప మనకు మందు గుర్తుకు రాదు. నిజానికి కుక్క ఒంటి మీద మనం చూసేది పురుగుల మందలో చిన్న భాగం. మిగతా మందంతా గోడ పగుళ్లలో, గోనెసంచి పరుపు కింద, పెరటి మన్నులో ఉంటుంది. ఒంటికి మందు పూసి ఇంటిని వదిలేస్తే నెల తిరిగేసరికి కథ మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే ఈ కథనంలో ప్రతి పురుగు గురించీ ఒకే ప్రశ్న వేసుకుందాం: ఇది మన కుక్క దగ్గరికి ఏ దారిన వచ్చింది?

పిడుదు: గోడలో పుట్టి గోడకే చేరే జీవి

మన ఇళ్లలో కుక్కలకు పట్టేది ఎక్కువగా గోధుమరంగు కుక్క పిడుదు. అడవిలో బతికే చాలా పిడుదులకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. అవి ఇంట్లో ఎక్కువకాలం నిలవలేవు. ఇది మాత్రం ఇంట్లోనే పుట్టి, ఇంట్లోనే పెరిగి, ఇంట్లోనే గుడ్లు పెట్టగలదు. నెత్తురు తాగి బఠాణీ గింజంత ఉబ్బిన ఆడ పిడుదు కుక్క మీద నుంచి రాలిపోతుంది. గోడ పైకి పాకి, పగులులో దూరి, వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఆ గుడ్ల నుంచి ఆరు కాళ్ల పిల్లలు వస్తాయి. అవి కుక్క మీదికి ఎక్కి నెత్తురు తాగి దిగిపోతాయి. దాక్కుని కుబుసం విడిచి ఎనిమిది కాళ్లతో మళ్లీ ఎక్కుతాయి. మళ్లీ దిగుతాయి, పెద్దవై మూడోసారి ఎక్కుతాయి. ఇలా ఒక పిడుదు తన జీవితంలో కుక్క మీద గడిపే రోజులు కొన్నే. చలి తక్కువైన మన వాతావరణంలో ఏడాదిలో ఇలాంటి తరాలు ఎన్నో పుడతాయి. నెత్తురు దొరక్కపోయినా పెద్ద పిడుదులు నెలల తరబడి ఆకలితో కాచుకుని ఉండగలవు. ఇల్లు మారినప్పుడు, ఎవరూ లేని ఇంట్లోకి కుక్కతో దిగిన వారానికే పిడుదులు కనబడటానికి కారణం ఇదే.

పిడుదు తాగే నెత్తురు కన్నా అది కుక్క ఒంట్లో వదిలే క్రిములే ప్రమాదం. ఈ సంగతి మొదట తెలుసుకున్న చోట్లలో దక్షిణ భారతం కూడా ఉంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ తర్వాత మన దేశంలోని వైద్య పరిశోధకులు జంతువుల నెత్తురు కూడా సూక్ష్మదర్శిని కింద పెట్టడం మొదలుపెట్టారు. 1905లో జేమ్స్ అనే అధికారి కుక్కల తెల్ల రక్తకణాల్లో ఒక కొత్త క్రిమిని వర్ణించాడు. దాన్ని ఇప్పుడు హెపటోజూన్ అంటున్నారు. ఇది పిడుదు కరిస్తే రాదు, కుక్క తన ఒంటి మీది పిడుదును కొరికి మింగితే వస్తుంది. 1910లో మద్రాసులో పనిచేస్తున్న ప్యాటన్, మద్రాస్ హంట్ వారి వేట కుక్కల నెత్తురులో ఇంకో క్రిమిని కనుక్కున్నాడు. తర్వాత అదే క్రిమి నక్కల్లోనూ దొరికింది. ఎర్ర రక్తకణాల్లో దూరి వాటిని పగలగొట్టే ఆ క్రిమి పేరు బబేసియా గిబ్సోని. వేటకు వెళ్లిన కుక్కలో, వేటాడబడిన నక్కలో ఒకే రోగం దొరికింది. నూరేళ్లు దాటినా అది మన చుట్టూనే ఉంది. కుక్కలు పోట్లాడుకుని కరుచుకున్నా ఒకదాని నుంచి ఒకదానికి అంటుకోగలదు. 1935లో అల్జీరియాలో గుర్తించిన ఎర్లీకియా మూడోది. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైన్యపు కుక్కలు పెద్ద సంఖ్యలో ఈ జబ్బుతోనే చనిపోయాయి.

ఇళ్లలో 'టిక్ ఫీవర్' అని ఒకే పేరుతో పిలిచేది ఈ జబ్బులనే. కుక్క తిండి మానేస్తుంది. ఒళ్లు కాలుతుంది. చిగుళ్లు పాలిపోతాయి. ముక్కు నుంచి నెత్తురు కారవచ్చు, మూత్రం ముదురు రంగుకు మారవచ్చు, పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు కనిపించవచ్చు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నెత్తురు పరీక్ష అదే రోజు చేయించాలి. ఎర్లీకియాకు వాడే మందు బబేసియాను లొంగదీయదు. బబేసియాలోనే రెండు రకాలకు రెండు వేర్వేరు మందులు. పరీక్ష లేకుండా మందుల అంగడిలో అడిగి తెచ్చిన మాత్రతో విలువైన రోజులు పోతాయి.

పిడుదును తీయడానికి కిరోసిన్ పోయడం, అగరుబత్తితో కాల్చడం చాలాచోట్ల చూస్తాం. రెండూ తప్పే. కుక్క చర్మం కాలుతుంది. బాధపెట్టిన పిడుదు తన లాలాజలాన్ని మరింతగా గాయంలోకి వదిలే ప్రమాదమూ ఉంది. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. వేళ్లతో నలపకూడదు. తీసిన పిడుదును స్పిరిట్‌లో వేయాలి. కర్ణాటకలో పిడుదు అనగానే మంగన జ్వరం గుర్తొచ్చి భయపడేవాళ్లుంటారు. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో బయటపడిన ఆ జ్వరాన్ని తెచ్చేది మలెనాడు అడవి పిడుదు. మన ఇంటి గోడల్లో ఉండేది అది కాదు.

గని మనుషులు నేర్చుకున్న పాఠం

కాళ్ల కింది నేల నుంచి రోగం వస్తుందన్న పాఠం గని ఊళ్లకు పాతదే. 1880లో స్విట్జర్లాండ్‌లోని గోథార్డ్ సొరంగం తవ్వుతున్న కూలీలు ఒక్కసారిగా నెత్తురు లేక పాలిపోయి కూలబడ్డారు. పేగుల్లో కొంకి పురుగులున్నాయని ఇటలీ వైద్యులు తేల్చారు. 1890ల చివర్లో ఈజిప్టులో పరిశోధన చేస్తున్న ఆర్థర్ లూస్ చేతి మీద ఈ పురుగు పిల్లలున్న నీటి చుక్క పడింది. చర్మం మండింది. కొన్ని వారాలకు ఆయన మలంలోనే ఆ పురుగు గుడ్లు కనబడ్డాయి. పురుగు నోటి నుంచే కాదు, చర్మం గుండానూ దూరుతుందని అలా లోకానికి తెలిసింది.

1902లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతంలో డోల్కోత్ అనే గని కూలీలకు అదే రక్తహీనత వచ్చింది. శాస్త్రవేత్త హాల్డేన్ వెళ్లి పరీక్షించి కొంకి పురుగులను పట్టుకున్నాడు. లోపల వేడి, తేమ. మరుగుదొడ్డి లేదు. వేడి దేశాల గనుల్లో పనిచేసి తిరిగొచ్చినవాళ్లు ఆ పురుగును తెచ్చారు, గని నేల దాన్ని పెంచింది. మందుతో పాటు ఆయన చెప్పిన విరుగుడు పారిశుద్ధ్యం. గని లోపల మల విసర్జనకు మూత ఉన్న బకెట్లు పెట్టడం, నేలను మైలపడనివ్వకపోవడం.

ఆ కార్న్‌వాల్ గని మనుషులకూ కోలారుకూ పాత బంధం ఉంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ కేజీఎఫ్‌లో అడుగుపెట్టాక, ఛాంపియన్ రీఫ్, ఊరుగాం, నందిదుర్గం గనుల్లో పనికి కార్న్‌వాల్ నుంచి ఎందరో వచ్చారు. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు పల్లెల నుంచి తెలుగు, తమిళ కూలీలు వచ్చారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. లైన్లలో కుటుంబాలు మిగిలాయి, వాటితో కుక్కలూ మిగిలాయి. గోడకు గోడ ఆనుకున్న ఆ ఇళ్ల వరసల్లో పెరడు ఒకరిది కాదు, అందరిదీ. పిల్లలు ఆడేదీ, కుక్కలు తిరిగేదీ ఒకే మన్నులో.

కుక్కకు పట్టే కొంకి పురుగు మనిషి కొంకి పురుగుకు దాయాదే. పేగు గోడకు పళ్లతో కొరికి పట్టుకుని నెత్తురు తాగుతుంది. ఒక చోటు వదిలి ఇంకో చోట కొరికినప్పుడు పాత గాయం కారుతూనే ఉంటుంది. నెల నిండని కుక్కపిల్లలు దీనితో రోజుల్లో చనిపోగలవు. తల్లి పాల ద్వారానే వాటికి పురుగు చేరుతుంది. చిగుళ్లు తెల్లబడటం, విరేచనం తారులా నల్లగా రావడం దీని గుర్తులు. కుక్క మలంలో పడ్డ గుడ్లు తేమ, నీడ, వెచ్చదనం ఉన్న మన్నులో వారం తిరిగేసరికి పిల్లలై, తడి మట్టిలో కాచుకుని ఉంటాయి. చెప్పుల్లేకుండా నడిచిన పిల్లవాడి పాదంలోకి దూరితే చర్మం కింద మెలికలు తిరిగే ఎర్రటి గీత, ఆగని దురద కనిపిస్తాయి. కుక్కల్లో, పిల్లుల్లో ఉండే సిలానికం అనే ఇంకో రకం కొంకి పురుగు మనిషి పేగుల్లోనే పెద్దదై నెత్తురు తాగగలదు కూడా.

విరుగుడు హాల్డేన్ చెప్పినదే. మలం మన్నులో కలవకముందే తీసేయాలి. వారం ఆగి తీస్తే గుడ్లు అప్పటికే పిల్లలై మన్నులోకి దిగి ఉంటాయి. రోజూ తీస్తే ఈ పురుగు బతుకు అక్కడితో ఆగిపోతుంది. ఎండ బాగా తగిలే పొడి నేలలో ఇవి బతకలేవు కనుక, కుక్క పడుకునే చోట, విసర్జించే చోట నీళ్లు నిలవకుండా, చెట్ల నీడ కమ్మకుండా చూడాలి.

తల్లి కడుపులోనే మొదలయ్యే ఏలికపాము

ఆరోగ్యంగా కనిపించే తల్లికుక్క ఈనిన పిల్లల పొట్టలు ఎందుకు ఉబ్బి ఉంటాయి? 'బాగా పాలు తాగింది' అని మురిసిపోతాం. చాలాసార్లు అది ఏలికపాముల పొట్ట. ఈ పురుగు పిల్లలు తల్లికుక్క కండరాల్లో ఏళ్ల తరబడి నిద్రపోతూ ఉంటాయి. ఆ దశలో మామూలు పురుగుల మందు వాటిని తాకదు. కడుపు నిలిచాక అవి మేలుకుంటాయి. మావి దాటి పిల్లల్లో చేరతాయి. అంటే కళ్లు తెరవని కుక్కపిల్ల కూడా పురుగుతోనే పుడుతుంది. పిల్లి పిల్లలకు మాత్రం కడుపులో రాదు, తల్లి పాలతో వస్తుంది.

అందుకే కుక్కపిల్లకు మొదటి పురుగుల మందు పుట్టిన 2 వారాలకే పడాలి. తర్వాత 2 వారాలకోసారి, పాలు మానే దాకా. ఆపైన 6 నెలలు నిండేవరకూ నెలకోసారి. పెద్దయ్యాక 3 నెలలకోసారి. పిల్లి పిల్లకు 3 వారాల వయసులో మొదలుపెట్టాలి. పిల్లలతో పాటు తల్లికీ వేయాలి. మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది కనుక, ప్రతిసారీ తూకం వేయించాలి. 'పోయినసారి ఒక మాత్ర వేశాం' అన్న లెక్క ఎదిగే పిల్లకు పనికిరాదు.

ఒక ఆడ ఏలికపాము రోజుకు వేల గుడ్లు పెడుతుంది. గుడ్డు బయటపడగానే అంటుకోదు, మన్నులో రెండు మూడు వారాలు పక్వమవ్వాలి. ఆ తర్వాత ఏళ్లకొద్దీ బతికి ఉంటుంది. మన్ను చేతుల్తో నోట్లో వేలు పెట్టుకునే చంటిపిల్లలకు ఇది చేరితే, పురుగు పిల్లలు కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిరుగుతాయి. కంట్లో చేరితే చూపు పోవచ్చు. కుక్కను ముద్దు చేయడం మాన్పించాల్సిన పని లేదు. కుక్కకు వేళకు మందు, పిల్లవాడికి సబ్బుతో చేతులు కడిగే అలవాటు ఉంటే చాలు.

మాంసం అంగడి నుంచి ఇంటి దాకా

కోలారు గొర్రెల జిల్లా కూడా. ఆదివారం పొద్దున మాంసం అంగడి వెనక కుక్కల గుంపు ఎందుకు చేరుతుందో అందరికీ తెలుసు. గొర్రె కాలేయం మీద, ఊపిరితిత్తుల మీద నీటి తిత్తులు కనబడితే అంగడివాళ్లు ఆ ముక్కలు కోసి పారేస్తారు. ఆ తిత్తి నిండా ఒక బద్దెపురుగు పిల్లలుంటాయి. తిన్న కుక్క పేగుల్లో అవి కొన్ని మిల్లీమీటర్ల పొడవున పెరుగుతాయి. కుక్కకు జబ్బేమీ కనిపించదు. దాని మలంలో వచ్చే గుడ్లు మేత మీద పడితే గొర్రెకు, కుక్క బొచ్చుకు అంటి మన చేతికి వస్తే మనిషికి. మనిషి కాలేయంలో ఆ తిత్తి ఏళ్ల పాటు చడీచప్పుడు లేకుండా పెరిగి, చివరికి ఆపరేషన్ బల్ల దాకా తీసుకెళ్తుంది. గొర్రెలూ కుక్కలూ కలిసి తిరిగే మన పొరుగు రాయలసీమకు ఈ జబ్బు కొత్తది కాదు. కర్నూలులో ఇది ఎలా వ్యాపిస్తోందో అక్కడి వైద్యులు 1968లోనే వైద్య పత్రికలో వివరంగా రాశారు.

దీన్ని ఆపడం అన్నిటికన్నా తేలిక. పచ్చి కాలేయం, ఊపిరితిత్తులు, పేగులు కుక్కకు పెట్టకూడదు. పెట్టాలనుకుంటే బాగా ఉడికించాలి. అంగడివాళ్లు వ్యర్థాన్ని బహిరంగంగా పారేయకుండా లోతుగా పూడ్చాలి. గొర్రెల కాపరుల కుక్కలకు బద్దెపురుగుల మందు తప్పకుండా వేయించాలి. ఇందుకు వాడే మందు వేరు, మామూలు నులిపురుగుల మందుల్లో కొన్ని బద్దెపురుగును చంపవు. పొట్లం మీద పేరు చదివి, డాక్టరును అడిగి తీసుకోవాలి.

ఫ్లీ: వందలో తొంభై అయిదు కంటికి కనబడవు

బొచ్చులో పరుగెత్తి, పట్టుకోబోతే ఎగిరి దూకే సన్నటి గోధుమరంగు పురుగు ఫ్లీ. కుక్కలకూ పిల్లులకూ ఎక్కువగా పట్టేది పిల్లి ఫ్లీనే. ఒక ఇంట్లో ఉన్న ఫ్లీ సంతతిలో సుమారు 5 శాతమే పెద్ద పురుగులై జంతువు మీద ఉంటాయని అంచనా. మిగతా 95 శాతం గుడ్లు, పిల్లలు, గూళ్ల రూపంలో పరుపు మడతల్లో, చాప కింద, సోఫా సందుల్లో ఉంటాయి. గూట్లో ఉన్నది వారాల తరబడి కదలకుండా ఉండి, అడుగుల అదురు తగలగానే బయటికి వస్తుంది.

దురద, బొచ్చు రాలడం, తోక మొదట్లో పుండ్లు ఫ్లీ పట్టిందనడానికి గుర్తులు. తడి తెల్ల కాగితం మీద కుక్క బొచ్చు దువ్వి చూడండి. రాలిన నల్ల నలుసులు ఎర్రగా కరిగితే అది ఫ్లీ మలం, అంటే కుక్క నెత్తురే. కుక్క దురదకు కొరుక్కుంటూ ఫ్లీని మింగితే దాని కడుపులోని బద్దెపురుగు కుక్కకు చేరుతుంది. తోక కింద బియ్యపు గింజల్లా కదిలే ముక్కలు ఆ పురుగువే. ఫ్లీని చంపకుండా ఆ పురుగుకు ఎన్నిసార్లు మందు వేసినా లాభం లేదు. పరుపు గుడ్డలు వారానికోసారి వేడి నీళ్లలో ఉతికి ఎర్రటి ఎండలో ఆరేయాలి. ఇంట్లో ఉన్న అన్ని జంతువులకూ ఒకేసారి మందు వేయాలి. ఒక్కదాన్ని వదిలినా మిగతావాటికి మళ్లీ వస్తుంది.

పిల్లిని చిన్న కుక్క అనుకోవద్దు

ఈ కథనంలో ఒక్క వాక్యమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి: కుక్క మందు పిల్లికి వేయకండి. కుక్కల ఫ్లీ, పిడుదుల మందుల్లో కొన్నిటిలో పర్మెత్రిన్ ఉంటుంది. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. మెడ మీద వేసిన కొన్ని గంటల్లోనే వణుకు, మూర్ఛలు వచ్చి ప్రాణం పోవచ్చు. ఆ మందు వేసిన కుక్క పక్కన పడుకున్నా పిల్లికి ప్రమాదమే. జ్వరానికి మనం వేసుకునే పారాసెటమాల్ ఒక్క మాత్ర కూడా పిల్లిని చంపగలదు.

పిల్లి చెవిలో కాఫీ పొడిలాంటి నల్లటి మురికి, తల విదిలించడం, చెవులు గోక్కోవడం కనిపిస్తే అది చెవి పురుగు. నూనె పోసి పుల్లతో తీయబోతే చెవి లోపలి పొర చిరిగిపోతుంది. చుక్కల మందుతో నయమయ్యే జబ్బు ఇది.

ఇంట్లో ఆడపిల్ల గర్భవతి అనగానే పిల్లిని సంచిలో కట్టి ఊరవతల వదిలి వచ్చే ఇళ్లున్నాయి. టాక్సోప్లాస్మా భయం దానికి కారణం. భయం నిజమే, మందు అది కాదు. పిల్లి ఈ క్రిమిని మలంలో వదిలేది సాధారణంగా జీవితంలో ఒకసారి, కొన్ని వారాల పాటు. మలంలో పడ్డ క్రిమి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి పిల్లి విసర్జించిన మట్టిని రోజూ తీసేయాలి. ఆ పని గర్భవతి కాకుండా ఇంకొకరు చేయాలి. అంతకన్నా ముఖ్యం, మాంసం బాగా ఉడకాలి, కూరగాయలు, ఆకుకూరలు బాగా కడగాలి. తోటపని చేసి వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఈ నాలుగూ పాటించే ఇంట్లో పిల్లి ఉండొచ్చు.

ఏది మందు, ఏది విషం

టమాటా, కూరగాయలు పండే జిల్లా కావడంతో దాదాపు ప్రతి రైతు ఇంట్లోనూ పురుగుమందు డబ్బా ఉంటుంది. 'చేనులో పురుగును చంపేది కుక్క మీది పురుగును చంపదా' అని నీళ్లలో కలిపి కుక్కకు పోసేవాళ్లున్నారు. కుక్క ఒళ్లు నాక్కుంటుంది. చొంగ, వాంతులు, వణుకు, ఊపిరాడకపోవడం, చావు. ఆవుల పిడుదులకు వాడే ద్రావణాన్ని అదే కొలతలో కుక్కకు పోయడమూ అంతే ప్రమాదం. పాడి జిల్లా కనుక ఆ సీసాలూ ఇంట్లోనే ఉంటాయి. అవి పశువు బరువుకు, పశువు చర్మానికి తయారైనవి.

ఐవర్‌మెక్టిన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. జపాన్‌లో ఒక మట్టి నమూనాలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చిన ఈ మందు కోట్లమంది మనుషులకు, పశువులకు మేలు చేసింది. దాని వెనక ఉన్న సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. కానీ గొర్రెలకు ఇచ్చే మోతాదును అంచనాతో కుక్కకు ఇంజెక్షన్‌గా పొడిచే అలవాటు మంచిది కాదు. కోలీ జాతి, దాని సంకర జాతుల్లో ఒక జన్యు లోపం వల్ల ఈ మందు మెదడులోకి చేరి కోమాలోకి నెట్టగలదు.

ఇప్పుడు కుక్కలకు నెలకోసారి, కొన్ని 3 నెలలకోసారి ఇచ్చే నమిలే మాత్రలు వచ్చాయి. పిడుదు, ఫ్లీ రెండిటి మీదా బాగా పనిచేస్తాయి, గజ్జి పురుగుల మీద కూడా. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్న కుక్కలకు ఇచ్చేముందు డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. అంత ఖర్చు పెట్టలేనివాళ్లకు మెడ మీద వేసే చుక్కల మందులు, స్ప్రేలు ఉన్నాయి. ఏది వాడినా వానలు ముగిశాక ఆపేయకూడదు. మన ఎండాకాలంలో గోడ పిడుదు ఇంకా చురుగ్గా ఉంటుంది.

వీధి కుక్క కూడా లెక్కలోకి రావాలి

మన కుక్కకు ఎంత మందు వేసినా గుమ్మం ముందు కుక్క పిడుదులతో ఉంటే మన గోడ మళ్లీ నిండుతుంది. రాళ్లు రువ్వి తరిమితే పిడుదులు పోవు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధికుక్కల కేసులో ఇచ్చిన ఉత్తర్వులో, పట్టుకున్న కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకాలతో పాటు నులిపురుగుల మందు కూడా వేయాలని స్పష్టంగా ఉంది. నగరసభలు ఈ మూడో పనిని మరిచిపోకుండా చూడటం పౌరుల బాధ్యత. వీధి కుక్కలకు అన్నం పెట్టేవాళ్లు నాలుగిళ్లు కలిసి, డాక్టరు సలహాతో ఆ కుక్కలకు కూడా మాత్రలు తినిపిస్తే, ఆ ఖర్చు ప్రతి ఇంటికీ తక్కువే పడుతుంది, లాభం వీధంతటికీ.

ఆదివారం పావుగంట

మారికుప్పం నుంచి తెల్లవారుజామునే రైలెక్కి బెంగళూరులో పనిచేసి రాత్రికి ఇల్లు చేరేవాళ్లకు కుక్కను తీరిగ్గా చూసే రోజు ఆదివారమే. ఆ రోజు ఒక పావుగంట ఇలా ఇవ్వండి.

1. చెవుల లోపల, మెడపట్టీ కింద, చంకల్లో, కాలివేళ్ల మధ్య, తోక కింద వేళ్లతో తడిమి పిడుదులు వెతకండి.

2. పెదవి పైకెత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో ఉంటే మంచిది. తెల్లగా ఉంటే అదే రోజు డాక్టరు దగ్గరికి.

3. పడక గుడ్డలు వేడి నీళ్లలో ఉతికి ఎండలో వేయండి. కుక్క పడుకునే చోట గోడ పగుళ్లు సిమెంటుతో మూయండి.

4. పెరట్లో మలం రోజూ తీయాలి. రోజూ తీసే పని ఎవరిదో ఇంట్లో నిర్ణయించండి.

5. మందు వేసిన తేదీ, తదుపరి తేదీ, బరువు గోడ క్యాలెండరు మీద రాయండి.

6. జబ్బు చేస్తే దగ్గరి పశువుల ఆసుపత్రికి వెళ్లండి. సంచార పశు వైద్య వాహనాల కోసం 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు. కుక్కకు, పిల్లికి వస్తారో లేదో ముందే అడిగి తెలుసుకోండి.

ఈ పనుల్లో ఏదీ ఖరీదైనది కాదు, ఏదీ కష్టమైనది కాదు. ముదిరిన టిక్ ఫీవర్‌కు నెత్తురు ఎక్కించడానికి అయ్యే ఖర్చుతో ఏళ్లకు సరిపడా నివారణ మందులు కొనవచ్చు. కుక్క తన నొప్పి చెప్పుకోలేదు, పిల్లి దాచిపెడుతుంది. వాటి ఆరోగ్యానికి క్యాలెండరు చూసుకోవాల్సింది మనమే. మీ ఇంటి కుక్కకు, పిల్లికి చివరిసారి పురుగుల మందు ఎప్పుడు వేశారో ఇప్పుడే గుర్తు తెచ్చుకోండి. 3 నెలలు దాటి ఉంటే, ఈ వారమే వేయించండి.